గట్టు దాటిన అక్షరం

టెస్టర్ తన జీవితంలో ఆఖరుగా చేసిన పని కాఫీ ఊదుకోవడం.

నీలం రంగు కప్పు. పొగలు కక్కుతున్న కాఫీ. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ అతని కీబోర్డు మీద పడుతోంది. ఒక గుక్క తాగి, బాగుందన్నట్టు తల ఊపాడు. రెండో గుక్క గొంతు దిగకముందే బల్ల మీదికి ఒరిగిపోయాడు. చుట్టుపక్కల వాళ్ళు కునుకు తీస్తున్నాడనుకున్నారు. కంపైలర్‌ను టెస్ట్ చేసేవాళ్ళు పట్టపగలు కునుకు తీయడం ఆ ఫ్లోర్‌లో వింతేమీ కాదు. సాయంత్రం ఊడవడానికి వచ్చినావిడ భుజం తట్టి లేపబోతే గాని, అతను ఇక లేవడని ఎవరికీ తెలియలేదు.

కాఫీ అందుకోకముందే అతను ఏజెన్సీకి ఒక మెసేజ్ పంపేశాడు. పోయినవాడు పోయాడు గాని, పని పూర్తి చేసే పోయాడు.

"కంచెలో గేటు ఉంది. రుజువు నా నెత్తిమీది ఏసీ ఫిల్టర్ వెనక పెట్టాను."

* * *

ఏజెన్సీ హెడ్ ఆఫీసు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక ఉంది. వచ్చే ప్రతి ఏజెంటూ దవడ పట్టుకుని మూలుగుతూ రావాలి. అది రూలు.

"ఏ పన్ను?" తల ఎత్తకుండానే అడిగింది రిసెప్షనిస్టు.

"జ్ఞానదంతం."

"ఎప్పటినుంచి నొప్పి?"

"మొలవకముందు నుంచి."

ఎక్స్-రే గది గోడ పక్కకు జరిగింది. దవడ మీద చెయ్యి తీసేసి లోపలికి నడిచాడు ముంగిస.

అది అతని అసలు పేరు కాదు. అసలు పేరు చాంతాడంత ఉంటుంది. ముత్తాత పేరు, తాత పేరు, ఇద్దరూ మొక్కుకున్న దేవుడి పేరు, ఇంటిపేరు అన్నీ గుచ్చిన దండ అది. స్కూల్లో ఏ ఫారం ఇచ్చినా గళ్ళు అయిపోయేవి, చివరి అక్షరం ఒక్కటీ బయట నిలబడేది. అందుకే ఏజెన్సీలో చేరిన రోజునే అతన్ని ముంగిస చేసేశారు. ఇంట్లో వాళ్ళ లెక్కలో మాత్రం అతను ఏజెంటే, కాకపోతే ఇన్సూరెన్స్ ఏజెంటు.

"సీ లాంగ్వేజ్ వచ్చా?" అడిగాడు పెద్దాయన. ఏజెన్సీ చీఫ్‌ను అందరూ అలాగే అంటారు.

"వచ్చు సార్. చిన్నప్పుడు మా బావ నేర్పాడు."

"అయితే పాయింటర్ అంటే ఏమిటో చెప్పు."

"వేలు సార్. ఫలానా గదిలో ఉంది, తీసుకో అని చూపించే వేలు. ఆ గది మనదా, పక్కవాడిదా అని సీ అడగదు. పది గదుల వరసలో పదకొండో గది చూపించినా సరేనని తలుపు తీస్తుంది."

"అడగని ఆ మంచితనమే మన కొంప ముంచుతోంది," అన్నాడు పెద్దాయన. గోడ మీద ఒక స్లయిడ్ వెలిగింది. తేనెపట్టు బొమ్మ. "తేనెపట్టు ముఠా. విదేశీ గ్యాంగ్. ఇప్పటిదాకా వాళ్ళు మన సిస్టమ్స్‌లో దూరిన ప్రతిసారీ ఇదే దారి. మన ప్రోగ్రాం చేత హద్దు దాటి రాయించడం. అందుకే రాసిన ప్రోగ్రాంను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఒకటి కొత్తగా కట్టించాం. ఇందులో ప్రతి పాయింటరూ తన మొదలు ఎక్కడో, చివర ఎక్కడో వెంట మోసుకు తిరుగుతుంది. చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ బౌండ్స్ చెక్. హద్దులో ఉంటే సరే. లేదంటే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోవాలి. అదే కంచె. డ్యామ్ గేట్లు, రైలు సిగ్నళ్ళు, ఆస్పత్రి వెంటిలేటర్లు, అన్నిటి ప్రోగ్రాములూ దీంతోనే మళ్ళీ కట్టబోతున్నాం."

"రిలీజ్ ఎప్పుడు సార్?"

"రేపు సాయంత్రం. కంచె ఉందన్న ధీమాతో అందరూ పాత కాపలాలు తీసేస్తారు. అందులో గేటు ఉందంటే, ఆ గేటు తెలిసినవాడు మామగారింటికి వచ్చినట్టు నడిచి వస్తాడు. వెంటిలేటర్ ఆపడానికి వాడికి చిటికెలో పని."

"నేనేం చేయాలి సార్?"

"ఏసీ మెకానిక్‌గా వెళ్ళు. రుజువు తీసుకురా. ఇదిగో నీ టూల్ బ్యాగ్. అడుగున ఉక్కురేకు ఉంది, ఎవరైనా కాలిస్తే ఛాతీకి అడ్డం పెట్టుకో. ఇంకో సంగతి, సీతాకోక అక్కడే ఉంది. సెక్యూరిటీ కన్సల్టెంట్ వేషం."

"ఆవిడ మన మనిషే కదా సార్?"

"మన దగ్గరా జీతం తీసుకుంటుంది, తేనెపట్టు దగ్గరా తీసుకుంటుంది. ఏ పూట ఎవరి పని చేస్తుందో ఆమెకే ఎరుక." పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అక్కడ కంపైలర్ చీఫ్ ఆర్కిటెక్ట్..."

"మా బావ."

"అందుకే నిన్ను పంపుతున్నాను. లోపల నమ్మదగ్గ మనిషి ఒకడుంటే సగం పని అయినట్టే."

* * *

మర్నాడు పొద్దున్నే ముంగిస స్టూలెక్కి ఏసీ ఫిల్టర్ లాగాడు. దుమ్ములో చిటికెన వేలి గోరంత మెమరీ చిప్. జేబులో వేసుకుంటూ కిందికి చూస్తే, స్టూలు పక్కన చేతులు కట్టుకుని బావ.

"ఏరా, ఇన్సూరెన్సు గిట్టుబాటు కాలేదా? ఏసీల్లో పడ్డావు!"

మొత్తం కుటుంబంలో బావ ఒక్కడికే నిజం తెలుసు. ఒకసారి భుజంలో బులెట్‌తో వస్తే, స్కూటర్ మీంచి పడ్డాడని అక్కను నమ్మించినవాడు అతనే. అమ్మానాన్నలు పోయాక అక్క పెళ్ళయిన ఇంటికే ముంగిస కూడా చేరాడు. పెళ్ళికూతురితోపాటు ఈ సామాను కూడా వచ్చిందని బావ నవ్వేవాడే గాని, పెట్టిన ముద్ద ఏనాడూ లెక్క చూడలేదు. చదువు చెప్పించాడు. ప్రోగ్రామింగ్ నేర్పాడు. అబద్ధం చెప్పేటప్పుడు ముక్కు గోక్కోకూడదని కూడా అతనే నేర్పాడు. ఏజెన్సీ ట్రైనింగ్‌లో అంతకు మించి చెప్పిందేమీ లేదు.

బావ క్యాబిన్‌లో కాఫీ వాసన. ఆ ఫ్లోర్‌లో ఎవరికి కాఫీ కావాలన్నా బావ చేత్తోనే. గూట్లో నీలం కప్పుల వరస, మధ్యలో ఒక ఖాళీ. ఒక కప్పు ముంగిస చేతికిచ్చి, చక్కెర చాలకపోతే చెప్పమన్నాడు. ముంగిస ఆఖరి చుక్కదాకా తాగాడు. తాగుతూనే అంతా చెప్పేశాడు. మెసేజ్ సంగతి, గేటు సంగతి, జేబులోని చిప్ సంగతి.

బావ కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "బంగారంలాంటి మనిషిరా. నేను రాసిన కోడ్ అంతా వరసవరసా చదివేవాడు."

"గేటు ఎవరు పెట్టి ఉంటారు బావా?"

"నీకు గుర్తుందా, చిన్నప్పుడు చెప్పాను. పది గళ్ళున్న వరసలో పాయింటర్ పదకొండో గడి ముందుకొచ్చి నిలబడొచ్చు."

"గట్టు మీద నిలబడొచ్చు, అవతలి చేలో చెయ్యి పెట్టకూడదు."

"అదీ. నిలబడటానికీ చెయ్యి పెట్టడానికీ తేడా తెలియనివాడు చేసిన పని అయ్యుంటుంది. నా చేత్తో కట్టినదాంట్లో మాత్రం గేటు ఉండదు." వెనక గోడ మీద పెద్ద అక్షరాల్లో ఆ ఆఫీసు సూత్రం రాసి ఉంది: వండినవాడే ముందు తినాలి. అంటే ఆ బిల్డింగ్‌లో ఎవరు ఏ పనిముట్టు చేసుకున్నా, తాము కట్టిన కంపైలర్‌తోనే కంపైల్ చేసి వాడాలి. "ఆ కన్సల్టెంట్ ఉంది చూశావూ, నల్ల కళ్ళజోడు, సెంటు వాసన... నాకు ఆవిడ మీదే అనుమానం. మెయిన్ డోర్ దగ్గర అందరి జేబులూ తనిఖీ చేయిస్తోంది. ఆ చిప్ వెంట పెట్టుకోకు. టెర్రస్ మీద చివరి నీళ్ళట్యాంకు కింద దాచు. నేనే వచ్చి చూస్తాను. ఇంకెవరికీ చెప్పకు."

"నీకు తప్ప నేనెవరికి చెప్తాను బావా?" అన్నాడు ముంగిస.

* * *

చిప్ దాచి, ముంగిస లిఫ్టు మోటారు గది చాటున కూర్చున్నాడు. అనుమానంతో కాదు. దాచిన చోటును కాసేపు కనిపెట్టి చూడటం అతని వృత్తిలో పడ్డ అలవాటు.

మెట్లమీంచి ఒక పొట్టివాడు వచ్చాడు. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు, చేతిలో మాత్రం గొడుగు. అటూ ఇటూ చూడలేదు, వెతకలేదు. తిన్నగా చివరి ట్యాంకు దగ్గరికి నడిచి, వంగి, కింద చెయ్యి పెట్టాడు.

ఎవరో బావ గదిలో మైకు పెట్టి ఉంటారనుకున్నాడు ముంగిస. అలా అనుకోవడానికి ఎంత తొందరపడ్డాడో అతనికే తెలియదు.

"ఆ ట్యాంకులో నీళ్ళు లేవు బాబాయ్," అన్నాడు బయటికి వస్తూ.

గొడుగు అతనివైపు తిరిగింది. కొనలోంచి విషపు సూది రివ్వున వచ్చి, ఛాతీకి అడ్డం పెట్టుకున్న టూల్ బ్యాగ్ అడుగున ఠంగుమంది. రెండోసారి నొక్కేలోగా పొట్టివాడి మెడ మీద ఎత్తుమడమ జోడొకటి పడింది. వాడు కిక్కురుమనకుండా కూలిపోయాడు. వాడి వెనక ఒంటికాలి మీద నిలబడి, జోడు తిరిగి తొడుక్కుంటోంది సీతాకోక. నల్ల కళ్ళజోడు, ఎర్రని పెదాలు, చెదరని జుట్టు.

"థాంక్స్," అన్నాడు ముంగిస.

"అప్పుడే కాదు. ముందు చిప్ ఇలా ఇవ్వండి."

ఆమె పౌడరు డబ్బా తెరిస్తే లోపల అద్దం స్థానంలో స్క్రీన్, పఫ్ స్థానంలో చిన్న కీబోర్డు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టెస్టర్ రాసిన ఆఖరి టెస్టును కొత్త కంపైలర్‌తో నడిపారు. పది గళ్ళ వరస. పదకొండో గడిలో నేరుగా చెయ్యి పెడితే ప్రోగ్రాం ఠక్కున ఆగింది. శభాష్. అదే పదకొండో గడికి లూప్‌లో, అంటే మొదటి గడినుంచి ఒక్కొక్కటే దాటుకుంటూ వెళితే ఆగలేదు. నిక్షేపంగా రాసేసి వచ్చింది.

ముంగిస కోడ్ చదివాడు. లూప్ తిరిగిన ప్రతిసారీ చెక్ చేస్తే పని నిదానమవుతుంది. అందుకని బయటే ఒక్కసారి చెక్ చేసి లోపలికి వదలడం ఈ కంపైలర్ చూపే తెలివి. ఆ ఒక్క చెక్‌లో చివరి హద్దు ఒక గడి అవతలికి జరిగి ఉంది. అంతే. పాము దూరడానికి అంత సందు చాలు.

"ఇది పొరపాటు కావచ్చు," అన్నాడు.

"కావచ్చు. ఆ భాగంలో చెయ్యి పెట్టే అధికారం ఎవరికుంది?"

ముంగిస ఆ కోడ్‌ను మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"టెస్టర్ దీన్ని కనిపెట్టగానే ముందు ఎవరికి చెప్పి ఉంటాడు? పొరపాటే అయితే ఆ మనిషి ఏం చేయాలి? దిద్దాలి. ఏం చేశాడు?"

"బావ గదిలో మైకు పెట్టారు."

"ఆ గది రోజూ వెతికేది నేనే. మైకు లేదు." సీతాకోక గొంతు కొంచెం తగ్గించింది. "చిప్ చివరి ట్యాంకు కింద ఉందని మీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

గూట్లో నీలం కప్పుల మధ్య ఖాళీ ముంగిస కళ్ళముందు కదిలింది. బులెట్ దిగినప్పుడు ఇంత నొప్పి లేదు. బులెట్ పరాయివాడిది, ఇది ఇంటి మనిషి చేతిది. ముక్కు గోక్కోకుండా అబద్ధం చెప్పడం బావే నేర్పాడు కదా, తనకు రాకుండా ఉంటుందా?

ఇంతలో కింద స్పీకర్లు ఖంగుమన్నాయి. రిలీజ్ సాయంత్రం కాదు, ఇప్పుడే. అందరూ కాన్ఫరెన్స్ హాలులోకి వెళ్ళి స్క్రీన్ మీద చూడాలి.

పౌడరు డబ్బా మూసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టిన చెయ్యి, పిస్తోలుతో బయటికి వచ్చింది.

"నడవండి, రిలీజ్ రూముకి."

"ఈ పూట మీరు ఎవరి పని చేస్తున్నారు?"

"అక్కడ చెప్తాను," అంది సీతాకోక. నమ్మినవాళ్ళ వరస అలా ఉంది మరి. ముంగిస ఆశ్చర్యపోవడం కూడా మానేశాడు.

* * *

రిలీజ్ రూములో బావ ఒక్కడే ఉన్నాడు. ముందు ఒక టెర్మినల్. స్క్రీన్ మీద బావ సొంతంగా రాసుకున్న ముద్ర వేసే ప్రోగ్రాం. కంపైలర్ మీద ముద్ర పడిందంటే అది నేరుగా దేశం నలుమూలలకూ వెళ్ళిపోతుంది. మధ్యలో ఆగిందంటే ముద్ర రద్దయి, పై కమిటీకి అలారం వెళుతుంది.

"మీ బావమరిది," అంది సీతాకోక, పిస్తోలు ముంగిస వీపుకు ఆనించి. "చిప్ కూడా దొరికింది."

బావ అతని ముఖం చూడలేదు. "కాఫీ పెట్టనా?" అన్నాడు అలవాటు కొద్దీ.

"వద్దు బావా. ఆ మనిషికి ఇచ్చావుగా, చాలు."

"అందులో ఏం కలిపారో నాకు తెలీదురా. పొడి ఒకటి ఇచ్చారు. నిద్రపోతాడన్నారు."

"కప్పు అందించింది నువ్వే కదా."

బావ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీకేం తెలుసురా," అన్నాడు బావ ఒక్కసారిగా. "సగం జీవితం వీళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను, కంచె కట్టుకుందామని. నిదానం అన్నారు, దండగ అన్నారు. దొంగలు పడ్డాక నేను గుర్తొచ్చాను. కట్టి ఇస్తే దాని మీద పేరెవరిది? కమిటీది! తేనెపట్టు వాళ్ళు నా కోడ్ మొత్తం చదివారురా. వరసవరసా చదివారు. ఇంత పని చేసినవాణ్ణి ఇంతవరకు చూడలేదన్నారు. నాతో ఆ మాట అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు."

"టెస్టర్ కూడా చదివాడు బావా. వరసవరసా."

బావ కుర్చీ పక్కకు జరిపి కీబోర్డు చూపించాడు. "ముద్ర పడాలంటే సాక్షి ఒకడు కావాలి. ఆ చోటు వాడిది. ఇప్పుడు నువ్వు కొట్టు. ఏజెన్సీలో పెట్టుకున్న దొంగపేరు కాదు, అసలు పేరు, ఇంటిపేరుతో సహా. నీ గుర్తింపు కార్డుతో సరిచూస్తారు."

"ఎందుకు?"

"రేపు ఎప్పుడైనా గేటు బయటపడితే, పక్కన నిలబడి ముద్ర వేయించింది ఎవరో కనిపించాలి కదా." ఈ మాట అంటూ కూడా గొంతు మామూలుగానే ఉంచాడు. "అక్కను నేను చూసుకుంటాను."

పెంచిన చెయ్యే గోతిలోకి తోస్తోంది, పైగా తోస్తూ అక్క సంగతి చెబుతోంది. ముంగిసకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఏడుస్తూనే కీబోర్డు ముందు కూర్చున్నాడు.

సాక్షి పేరు. కింద గళ్ళ వరస. ఏ ఫారంలో చూసినా ఉండే ఆ గళ్ళే.

ముత్తాత పేరు కొట్టాడు. బావ కోడ్ రాసే తీరు ముంగిసకు తెలుసు. కంచె ఉండగా అక్షరాలు లెక్కపెట్టడం ఎందుకని, పొడవు చూసే వరస ఎప్పుడూ రాయడు. కంచె కట్టేవాళ్ళకు ఉండే పొగరే అది. తాత పేరు కొట్టాడు. ఈ పనిముట్టును బావ గేటున్న కంపైలర్‌తో కట్టి ఉంటే, మిగిలిపోయే ఆ ఒక్క అక్షరం చప్పుడు చేయకుండా పక్క గడిలో కూర్చుంటుంది, ముద్ర పడిపోతుంది. అలా కాకుండా అసలైన కంచెతో కట్టి ఉంటే...

దేవుడి పేరు. ఇంటిపేరు. గళ్ళు నిండిపోయాయి. ఒక్క అక్షరం మిగిలింది.

తనను పెంచిన మనిషి అబద్ధం. పెట్టిన కాఫీ అబద్ధం. కానీ ఎంత దిగజారినా, తన సొంత పనిముట్టు కల్తీ సరుకుతో కట్టుకునే మనిషి కాదు బావ. ప్రపంచానికి గేటున్నది పంపిస్తాడు, తనకు మాత్రం మంచిదే వాడుకుంటాడు. అతని మీద మిగిలిన నమ్మకం అంతే, ఒక్క అక్షరమంత. ముంగిస దాన్ని నొక్కి ఎంటర్ కొట్టాడు.

ముద్ర గీత ఎడమనుంచి కుడికి పాకుతూ వెళ్ళింది. సగం దాటింది. ముప్పాతిక దాటింది. పేరు తీసి రాసుకునే చోటికి వచ్చింది. ఇంకో వెంట్రుకవాసి ఉందనగా ఠక్కున ఆగిపోయింది.

స్క్రీన్ ఎర్రబడింది. "హద్దు దాటారు. ముద్ర రద్దు." బిల్డింగ్ అంతటా అలారం మోగింది.

బావ లేచి నిలబడ్డాడు. స్క్రీన్‌నూ, గళ్ళనూ, ముంగిసనూ మార్చి మార్చి చూశాడు. "నీ పేరు," అన్నాడు నెమ్మదిగా. "ఏ ఫారంలోనూ పట్టేది కాదు."

"నీ పనిముట్టును ఏ కంపైలర్‌తో కట్టుకున్నావు బావా?"

"మంచిదాంతోనేరా. నాది కదా," అన్నాడు బావ. అన్నాక గాని తను ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు. చతికిలబడిపోయాడు.

బావ చెయ్యి అలారం ఆపే స్విచ్ వైపు జరిగింది. వీపు మీది పిస్తోలు అప్పుడే అటు తిరిగింది. "కదలొద్దు సార్," అంది సీతాకోక. "మీరు మీ నోటితో ఒప్పుకుంటే వినాలని ఇంతసేపు ఆగాను. నా కళ్ళజోడులో రికార్డు అయింది." ముంగిస వైపు తిరిగి, "ఈ పూట మీ పనే," అంది.

* * *

సాయంత్రం క్లినిక్ వెనక గదిలో పెద్దాయన చెయ్యి కలిపాడు. లూప్ చెక్‌లో హద్దు ఒక గడి వెనక్కి జరిగింది. టెస్టర్ రాసిన ఆఖరి టెస్టు ఇప్పుడు కంపైలర్‌ను తిరిగి కట్టిన ప్రతిసారీ మొట్టమొదట నడుస్తుంది. పొట్టివాడు మిగతా తేనెటీగల పేర్లన్నీ చెబుతున్నాడు, గొడుగు తిరిగి ఇస్తారేమోనన్న ఆశతో.

ముంగిస ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మీ బావ ఫోన్ ఎత్తట్లేదురా. పొద్దున హడావిడిగా వెళ్ళారు, అన్నానికి కూడా రాలేదు. నువ్వు ఊళ్ళు తిరిగేవాడివి, అటు వెళ్ళినప్పుడు ఒకసారి చూసి రారా."

దాచడం ఆ ఇంట్లో నేర్చుకున్నదే. ఆ విద్య ఇక వాడదలుచుకోలేదు.

"నేనే వస్తున్నానక్కా. వచ్చి అంతా చెప్తాను. కూర్చుని విను."

"గొంతు అలా ఉందేంట్రా? స్కూటర్ మీంచి మళ్ళీ పడ్డావా?"

"ఈసారి స్కూటర్ కాదక్కా," అని ఫోన్ పెట్టేశాడు. ముఖం కడుక్కుని బయటికి నడుస్తూ దవడ పట్టుకున్నాడు. రోజంతా పళ్ళు బిగబట్టి ఉన్నందుకు నిజంగానే సలుపుతోంది.

"ఏ పన్ను?" తల ఎత్తకుండా అడిగింది రిసెప్షనిస్టు.

"కోడ్ కాదమ్మా, నిజం నొప్పే. డాక్టరు ఉన్నారా?"

ఆమె మొదటిసారి తల ఎత్తి జాలిగా చూసింది. విషపు సూదులకు విరుగుడు, నకిలీ పాస్‌పోర్టులు, పేలే పెన్నులు, ఆ క్లినిక్‌లో దొరకని వస్తువంటూ లేదు గాని, పన్ను చూసేవాడు మాత్రం ఒక్కడూ లేడు.